స్టోమా బ్యాగ్‌తో ఉప్పల్ మ్యాచ్‌కు

ఏదో తేడాగా ఉందని నాకు మొదట తెలిసిన రోజు ఏడో తరగతిలో పాఠం చెబుతున్నాను. నాచారంలో ఒక ప్రైవేటు స్కూల్లో సైన్స్ టీచర్ని. ఆ పొద్దున ఎన్నిసార్లు బాత్రూంకి వెళ్లొచ్చినా ఇంకా వెళ్లాలనే అనిపిస్తోంది. పిల్లలను చదువుకోమని చెప్పి మళ్లీ వెళ్లాను. చూస్తే రక్తం. బొట్టో రెండు బొట్లో కాదు. తర్వాత చేతులు కడుక్కుని వెళ్లి పాఠం పూర్తి చేశాను.

ఇంటి దగ్గర క్లినిక్‌లో డాక్టర్ కుర్చీలోంచి లేవకుండానే తేల్చేశారు. "పైల్స్ అమ్మా. కారం తగ్గించండి, నీళ్లు బాగా తాగండి." ఒక ఆయింట్‌మెంట్, ఏదో పొడి రాసిచ్చారు. మొలలే కదా అని నేనూ ఊపిరి పీల్చుకున్నాను. మందులు వాడుతూనే ఉన్నాను, రక్తం పడుతూనే ఉంది. బరువు తగ్గాను. స్టాఫ్ రూంలో అందరూ ఏం డైట్ చేస్తున్నారని అడిగేవారు.

కనిపెట్టింది మా అత్తమ్మ. పేరు ఎస్తేరమ్మ, డెబ్బై దాటింది. జనగామ దగ్గర పల్లెలో పుట్టి, మామయ్య ఫ్యాక్టరీ ఉద్యోగంతో నాచారం వచ్చి ఇక్కడే స్థిరపడింది. మామయ్య ట్రాన్సిస్టర్‌లో క్రికెట్ కామెంటరీ వింటుంటే పక్కన బియ్యం ఏరుతూ ఆట నేర్చుకుందట. ఆయన పోయినా ఆట మాత్రం వదల్లేదు. మా ఇంట్లో మ్యాచ్ ఉన్న పూట టీవీ రిమోట్ ఆమె ఒళ్లోనే ఉంటుంది.

ఒక సాయంత్రం మ్యాచ్ చూస్తూ నేను మాటిమాటికీ లేస్తుంటే ఆమె సౌండ్ తగ్గించింది.

"ఏందే సునీతా, ఓవర్‌కొకసారి లేస్తున్నవ్. ఏమైతుంది నీకు?"

"మొలలు అత్తమ్మా. మందు వాడుతున్న."

"మందు వాడితె తగ్గాలె గద. ఆ డాక్టరు సూసి చెప్పిండా, సూడకుంటనే చెప్పిండా?"

చూడలేదన్నాను.

"సూడకుంట ఆయనకెట్ల తెలిసింది మరి? రేపు బడికి సెలవు పెట్టు. పెద్ద దవాఖానాకు పోదం."

అక్కడి సర్జన్ గ్లౌజులు వేసుకుని వేలితో పరీక్ష చేశారు. తర్వాత చేతులు కడుక్కుంటూ, "గడ్డలాగా తగులుతోంది. రేపే కొలనోస్కోపీ చేసేద్దాం, బయాప్సీ కూడా తీద్దాం" అన్నారు. ఇవి మొలలు కావని అప్పుడే నాకు అర్థమైంది. రిపోర్టు వచ్చేదాకా మా ఆయన ప్రభాకర్ మాత్రం "ఏం ఉండదులే" అంటూనే ఉన్నారు.

అడినోకార్సినోమా అని వచ్చింది. ఎంఆర్ఐ, సీటీ అయ్యాక డాక్టర్ మా ముగ్గురినీ కూర్చోబెట్టారు. "రెక్టమ్ క్యాన్సర్, అంటే పెద్దపేగు చివరి భాగంలో. స్టేజ్ త్రీ. లివర్‌కి, లంగ్స్‌కి పోలేదు. నయం చేయాలనే ట్రీట్ చేస్తాం. మొదట రేడియేషన్, కీమో టాబ్లెట్లు. ఆ తర్వాత సర్జరీ." అసలు మాట చివర చెప్పారు. "ట్యూమర్ బాగా కిందికి ఉంది. స్ఫింక్టర్‌ని, అంటే మలాన్ని ఆపే కండరాన్ని, కాపాడలేం. పర్మనెంట్ కొలోస్టమీ చేయాల్సి వస్తుంది."

అంటే మలద్వారం మూసేసి, పెద్దపేగు చివరను పొట్ట ఎడమవైపు బయటికి తెచ్చి కుడతారు. దాన్ని స్టోమా అంటారు. మలం దాంట్లోంచి పొట్టకు అతికించిన సంచిలోకి వస్తుంది. మా ఆయన "ఎన్ని నెలలు సార్ ఆ సంచి?" అని అడిగారు. "పర్మనెంట్ అండీ" అన్నారు డాక్టర్. బయటికొచ్చాక మా ఆయన నన్ను మళ్లీ అడిగారు, "ఎన్ని నెలలన్నడు?" అని. నేను మెట్ల మీదే కూర్చుని ఏడ్చాను. ఏడవడం అయ్యాక, చచ్చిపోవడమా సంచి పెట్టుకోవడమా అంటే సంచే పెట్టుకుంటానని మా ఆయనతో గట్టిగానే చెప్పాను.

రేడియేషన్‌తో కింద చర్మం కాలిపోయింది. దిండు లేకుండా కూర్చోలేకపోయేదాన్ని. ఆ తర్వాత సర్జరీ. తెలివొచ్చాక స్టోమా నర్సు పారదర్శకంగా ఉన్న సంచిలోంచి చూపించి, "చూడండి మేడమ్, హెల్దీగా ఉంది, గులాబీ మొగ్గలాగా" అన్నారు. నాకైతే పగిలిన టమాటాలాగా కనిపించింది. అదే అన్నాను. ఆమె నవ్వి, "టమాటా అయినా సరే, రోజూ మీరే చూసుకోవాలి. ఇంట్లోవాళ్లకి అప్పజెప్పకండి" అన్నారు. ఫ్లాంజ్ అనే జిగురు చక్రాన్ని స్టోమా కొలతకు కత్తెరతో కత్తిరించడం, చర్మం తుడిచి ఆరబెట్టి అతికించడం, దానికి సంచి బిగించడం ఆమే నేర్పించారు. మొదటిసారి వంకరగా కత్తిరించాను. రెండోసారికి కొంచెం కుదిరింది.

ఇంటికొచ్చాక కింది కుట్లలో ఇన్‌ఫెక్షన్ వచ్చింది. మళ్లీ అడ్మిట్ అయ్యాను. గాయం మానేసరికి కీమో మొదలైంది. ఆక్సాలిప్లాటిన్ అనే మందు ఎక్కిస్తే చల్లటి గ్లాసు ముట్టుకున్నా వేళ్లలో సూదులు గుచ్చినట్టుండేది. కీమో ఎక్కించే డే కేర్ వార్డులో నాకు తోడు అత్తమ్మే. సెలైన్ ఎక్కుతుంటే ఆమె ఫోన్‌లో పాత మ్యాచ్‌లు పెట్టుకుని, నేను అడగకపోయినా ఫీల్డింగ్ ఎక్కడెక్కడ పెట్టారో చెప్పేది. వాంతులొస్తే ఫోన్ పక్కన పెట్టి బేసిన్ పట్టుకునేది. అయ్యాక మళ్లీ ఆట మొదలుపెట్టేది. ఒక్కసారి కూడా నా ముందు కన్నీళ్లు పెట్టుకోలేదు.

కీమో అయిపోయింది, సీటీ క్లియర్‌గా వచ్చింది. ఇక కష్టం గడిచిపోయిందనుకుని ఒక ఆదివారం చర్చికి వెళ్లాను. ప్రార్థన మధ్యలో ఫ్లాంజ్ అంచు ఊడింది. ముందు వాసన, తర్వాత చీర మీద తడి. నా పక్కనున్నావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని రెండు కుర్చీలు అవతలికి జరిగింది. నాకు పదిహేనేళ్లుగా తెలిసిన మనిషి. మా ఆయన నన్ను వెనక గేటు నుంచి తీసుకొచ్చేశారు. దారిలో, "ఆరాధన ఫోన్ల కూడ వస్తది సునీతా. కొన్ని రోజులు ఇంట్లనే చూడు" అన్నారు. నా మంచి కోసమే అన్నారని తెలుసు. కానీ ఆ కొన్ని రోజులు నెలలయ్యాయి. పెళ్లిళ్లకు ఆయనొక్కరే వెళ్లేవారు. ఎవరైనా ఇంటికొస్తే నన్ను లోపల పడుకోమనేవారు. స్కూల్ నుంచి ఫోన్ వస్తే ఆయనే ఎత్తి "ఇంక రెస్ట్ అవసరం" అని చెప్పేవారు. డాక్టర్ రెస్ట్ చెప్పనేలేదు.

ఎండాకాలం వచ్చింది, లీగ్ మ్యాచ్‌లు మొదలయ్యాయి. ఉప్పల్ స్టేడియంలో మ్యాచ్ ఉంటే మా డాబా మీద నుంచి ఫ్లడ్‌లైట్ల వెలుతురు కనిపిస్తుంది. అత్తమ్మ పిట్టగోడ దగ్గర నిలబడి అటే చూస్తోంది. ఇన్నేళ్లు ఇంత దగ్గర్లో ఉండి ఒక్కసారన్నా లోపలికి పోలేదేమని అడిగాను.

"ఎవరు తోల్కపోయిండ్రు? మీ మామకు డ్యూటీలు. నా కొడుక్కు ఆటంటెనే పడదు." మళ్లీ తనే అంది, "నువ్వు తోల్కపోతవా?"

అంతమంది మధ్యలోకి నేనా అనే అనుకున్నాను మొదట. అంతలోనే నా మీద నాకే కోపం వచ్చింది. నేనేం తప్పు చేశానని లోపలి గదిలో పడుకుంటున్నాను? నా పేగు నా పొట్ట మీద ఉంటే దాక్కోవాల్సిన పనేముంది? అక్కడే నిలబడి ఫోన్‌లో ఆదివారం మధ్యాహ్నం మ్యాచ్‌కు రెండు టికెట్లు బుక్ చేశాను.

ఆ వారమే రివ్యూకు వెళ్లినప్పుడు సర్జన్‌ను అడిగాను. "స్టేడియంకా? బ్యాటింగ్ చేయనంతవరకూ వెళ్లొచ్చు" అని నవ్వారు. "నిజంగా చెబుతున్నా, వెళ్లండి. బరువులు మాత్రం ఎత్తకండి, హెర్నియా వస్తుంది. చెమటకి ఫ్లాంజ్ వదులవుతుంది, స్పేర్ పెట్టుకోండి." గేటు దగ్గర అడిగితే చూపించడానికి ఒక సర్టిఫికెట్ కూడా ఇచ్చారు.

గొడవంతా ఇంట్లోనే అయింది.

"అమ్మా, నువ్వన్న జర సోంచాయించు" అన్నారు మా ఆయన. "గంత ఎండల, గంత జనంల, మళ్ల చర్చిల అయినట్టే అయితే ఎవరు చూస్తరు?"

"నేను సూస్త."

"నీకే మోకాళ్ల నొప్పులాయె."

"ఎవ్వరు చూసుడు అవసరం లేదు" అన్నాను. "నా సంచి నేను మార్చుకుంట. ఇన్ని రోజుల సంది ఎవరు మారుస్తున్నరు?"

"అది కాదు సునీతా. నలుగురు చూస్తె ఏమనుకుంటరు?"

"ఏమన్న అనుకోనియ్యి. వాళ్లు మంచిగ అనుకుంటే నా రోగమేమన్న తగ్గుతదా?"

ఆయన చెప్పులేసుకుని బయటికి వెళ్లిపోయారు. ఆదివారం మాత్రం తనే ఆటో పిలుచుకొచ్చారు.

హబ్సిగూడ దాకా ఆటో, అక్కడి నుంచి మెట్రో. చర్చికి కట్టిన తెల్ల చీరతోనే అత్తమ్మ బయల్దేరింది. నేను వదులు కుర్తా వేసుకుని, చేతిలో ఒక చిన్న పౌచ్ పట్టుకున్నాను. అందులో ముందే కత్తిరించిన రెండు ఫ్లాంజ్‌లు, సంచులు, తడి టిష్యూలు, ఒక కవర్. స్టేషన్ దిగేసరికి రోడ్డంతా జెర్సీలు, బూరలు, బుగ్గల మీద రంగులు వేసే పిల్లలు. అత్తమ్మ బుగ్గ మీద కూడా రంగు వేయించుకుంది.

ఆడవాళ్ల వరసలో ఒక సెక్యూరిటీ అమ్మాయి అందరినీ తడిమి పంపుతోంది. ఆమె చెయ్యి నా పొట్ట దగ్గర ఆగింది.

"ఏందిది ఆంటీ? లోపల ఏం దాసినవ్?"

"దాసుడు కాదమ్మా. స్టోమా బ్యాగ్. ఆపరేషన్ అయింది."

ఆమెకు అర్థం కాలేదు. "తీసి బయట పెట్టు. మందు ప్యాకెట్లు గిట్లనే నడుముకు కట్టుకొని వస్తున్నరు."

వెనక ఎవరో నవ్వారు. అత్తమ్మ "ఏయ్ పిల్లా" అంటూ ముందుకొచ్చింది. నేను ఆమె చెయ్యి పట్టుకుని ఆపాను.

"నువ్వాగు అత్తమ్మా. నా సంగతి నేను చెప్త."

క్లాసులో చివరి బెంచీకి వినిపించే గొంతుతోనే చెప్పాను. "నాకు క్యాన్సర్ వచ్చింది. కింద దారి మూసేసి పేగు పొట్ట మీదికి తెచ్చిన్రు. నేను దొడ్డికి పోయేది ఈ సంచిలకే. తియ్యమంటే తీస్త. తీసినంక ఏమైతదో మాత్రం నువ్వే చూసుకోవాలె."

ఆ అమ్మాయి ముఖం మాడిపోయింది. పక్కనున్న పరదా వెనక్కి తీసుకెళ్లింది. నేను కుర్తా అంచు ఎత్తి చూపించాను. ఆమె చూసింది, చూపు తిప్పుకోలేదు.

"నొప్పి అయితదా మేడం?"

"కాదు. దానికి స్పర్శ ఉండది."

పౌచ్ దగ్గర మళ్లీ ఆగాం. బ్యాగులేవీ లోపలికి పంపకూడదని పైనుంచి ఆర్డరట. సూపర్‌వైజర్ వచ్చి, "ఇక్కడ పెట్టి పోండ్రి, అవసరమైతే వచ్చి తీస్కోండ్రి" అన్నాడు.

"నాకు అవసరమైనప్పుడు గేటు దాకా వచ్చేంత టైం ఉండదన్నా. ఇది లేకుండ నేను పోను, మ్యాచ్ చూడకుండ ఇంటికి కూడ పోను. ఈడనే నిలబడుత."

సర్టిఫికెట్ ఇచ్చాను. చదివాడు, ఎవరికో ఫోన్ చేశాడు. చివరికి పౌచ్‌లో అలవాటుగా పడేసుకున్న చిన్న కత్తెర ఒక్కటి తీసి పక్కన పెట్టి, "ఇదొక్కటి వద్దు మేడం, మిగిలినయి తీస్కపోండ్రి" అన్నాడు. నాకు కత్తెరతో అక్కడ పనేమీ లేదు, ఇచ్చేశాను.

మెట్లెక్కి పైకి రాగానే ఒక్కసారిగా పచ్చటి మైదానం. అత్తమ్మ రెయిలింగ్ పట్టుకుని నిలబడిపోయింది. వెనకవాళ్లు జరగమంటున్నా జరగలేదు. సీట్లో కూర్చుని రెండు ఓవర్లు చూశాక నా వైపు తిరిగి అంది, "ఏందే, కామెంటరీ రాదా ఈడ?"

రాదన్నాను. ఆమెకు నచ్చలేదు. బియ్యం ఏరుతూ ఆట విన్న మనిషికి మాటలు లేని ఆట ఎలా ఆనుతుంది? కాసేపటికి తనే మొదలుపెట్టింది. "ఇగో, స్పిన్నర్‌ను తెస్తుండు. ఎందుకు తెస్తుండు? లెగ్గు మీద బౌండరీ గంత దగ్గరుంది, కొట్టక ఇడుస్తడా?" తర్వాతి బంతి సిక్సు. ముందు వరసలో కుర్రాళ్లు వెనక్కి తిరిగి, "అమ్మమ్మా, ఇంక చెప్పు" అన్నారు. ఆమె ఇక ఆగలేదు.

ఎండ మండిపోతోంది. చెమటకు ఫ్లాంజ్ అంచు కింద దురద మొదలైంది. చేత్తో తడిమి చూస్తే ఒక మూల లేస్తోంది. చర్చి గుర్తొచ్చింది. మేమున్నది వరస నడిమధ్యలో. ఇటు చూసినా అటు చూసినా మోకాళ్లే. లేచి, ఒక్కొక్కరినీ జరగమంటూ, జెండాల కింద నుంచి వంగుతూ బయటపడ్డాను. టాయిలెట్ దగ్గర పెద్ద వరస. ముందున్నవాళ్లతో, "నాకు అర్జెంటు. క్యాన్సర్ ఆపరేషన్ అయింది, బ్యాగ్ మార్చుకోవాలి, ముందు నన్ను పోనివ్వండి" అని చెప్పాను. పోనిచ్చారు.

లోపల కుళాయిలో నీళ్లు సన్నగా వస్తున్నాయి. పాతది తీసి, తుడుచుకుని, ఆరాలని కుర్తా అంచుతో విసురుకుంటుంటే ఎవరో తలుపు దబదబా కొట్టారు.

"టైం పడ్తది" అని లోపల నుంచే చెప్పాను. "పొట్టకు సంచి పెట్టుకుంటున్న. ఆగాలె."

తలుపు మీద చప్పుడు ఆగింది. కాసేపటికి కింది సందులోంచి ఒక చెయ్యి నీళ్ల బాటిల్‌ను లోపలికి తోసింది. ఎవరిదో ఇప్పటికీ తెలియదు. నేను బయటికొచ్చేసరికి వరసలో ఎవరూ ముక్కు మూసుకోలేదు. మూసుకున్నా నేను తల దించుకునేదాన్ని కాదు.

తిరిగి వచ్చేసరికి అత్తమ్మ నా సీటు మీద చెయ్యి పెట్టుకుని కూర్చుంది.

"అయిందా?"

"అయింది. మంచిగ అంటుకుంది."

"రెండు వికెట్లు పోయినయ్ నువ్వు పోయినంక" అంది, అదే ముఖ్యమైన విషయమన్నట్టు.

అంచు సీట్లో జెండా పట్టుకున్న కుర్రాడు, "ఆంటీ, మల్ల పోతరా?" అని అడిగాడు. "పోవలసి వస్తే పోత. లేస్తవా?" అన్నాను. "ఎన్నిసార్లన్న లేస్త ఆంటీ" అన్నాడు.

మనవాళ్ల బ్యాటింగ్ చివరి ఓవర్లకు వచ్చింది. నేను అప్పటిదాకా ఒక చెయ్యి పొట్ట మీదే అదిమి పెట్టుకుని కూర్చున్నాను. వరసగా రెండు సిక్సులు పడేసరికి ఆ చెయ్యి ఎప్పుడు తీశానో తెలియదు. లేచి నిలబడి, రెండు చేతులూ పైకెత్తి, గొంతు పోయేలా అరిచాను. సర్జరీ అయ్యాక నేను గట్టిగా అరిచింది అప్పుడే. ఆ అరుపులో చర్చిలో నా పక్కన ఖాళీ అయిన కుర్చీలు, లోపలి గది, నాకు బదులు మాట్లాడిన ఫోన్ అన్నీ ఉన్నాయి. పక్కన తెల్ల చీరలో మా అత్తమ్మ, మోకాళ్ల నొప్పులు మర్చిపోయి, నాకంటే పైకి ఎగురుతోంది.

ఆఖరి ఓవర్లో ఓడిపోయాం. మెట్రో దిగేసరికి మా ఆయన హబ్సిగూడలో స్టేషన్ కింద నిలబడి ఉన్నారు. ముందు నా బట్టలు చూశారు, తర్వాత ముఖం చూశారు.

"ఏమన్న అయిందా?" అని మెల్లగా అడిగారు.

అత్తమ్మే జవాబు చెప్పింది. "ఏమైతది, గెలిచే మ్యాచ్ నాశనం జేసిండ్రు. గా బ్యాటింగ్ ఆర్డర్ పెట్టినోణ్ని అడగాలె."

మా ఆయనకు నవ్వొచ్చింది. ఆటోలో నా పక్కనే కూర్చుని, తర్వాతి ఆదివారం చర్చికి ముగ్గురం ఎన్నింటికి బయల్దేరాలో అడిగారు. ముగ్గురం వెళ్లాం. నాకు ఒక పక్కన కుర్చీ ఖాళీగానే ఉంది. అందులో నా పౌచ్ పెట్టుకున్నాను.

జూన్‌లో మళ్లీ బడిలో చేరాను. ఏడో తరగతికి జీర్ణవ్యవస్థ పాఠం వచ్చినప్పుడు బోర్డు మీద పెద్దపేగు గీసి, నాకు ఆపరేషన్ ఎక్కడ జరిగిందో, ఇప్పుడు మలం ఎలా వస్తుందో చెప్పేశాను. పిల్లలు ఒక్క నిమిషం ఛీ అనుకున్నారు, ఆ తర్వాత ఎవరూ ఆపలేనన్ని ప్రశ్నలు వేశారు. ఒక తల్లి ప్రిన్సిపాల్‌కు ఫిర్యాదు చేసింది. వచ్చే ఏడు కూడా అలాగే చెబుతానని ప్రిన్సిపాల్‌కు చెప్పాను.

పోయిన సీటీలో ఊపిరితిత్తిలో చిన్న నోడ్యూల్, గింజంత గడ్డ, కనబడింది. "ఏమీ కాకపోవచ్చు. అయినా వాచ్ చేద్దాం, మూడు నెలలకి రిపీట్ స్కాన్" అన్నారు డాక్టర్. భయం లేదని అబద్ధం చెప్పను, ఉంది. కానీ ఆ భయాన్ని ఇంట్లో కూర్చోబెట్టి నేను బయటికి పోతున్నాను.

స్టోమా ఉన్నవాళ్లకు నేను చెప్పేది ఒక్కటే. సినిమాకైనా, బస్సుకైనా, మ్యాచ్‌కైనా టికెట్ బుక్ చేసేటప్పుడు మధ్యలో కాదు, టాయిలెట్‌కు దగ్గరగా వరస చివరి సీటు చూసి తీసుకోండి. చివరి సీటు దొరకకపోతే ఏదో ఒకటి తీసుకోండి. మీరు లేచినప్పుడల్లా మిగతావాళ్లు జరుగుతారు.